పొద్దుగూకితే ఇంటికి

కరీంబీ పోయిన నలభయ్యో రోజున చదివించే ఫాతెహా అయిపోయింది. చుట్టాలంతా ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ తర్వాత కూడా ఆమె కొడుకు జబీవుల్లా చాలా రోజులు ఇంట్లోనే ఉండిపోయాడు. తల్లి పడుకున్న గదిని కడిగేశారు, కిటికీలు తెరిచిపెట్టారు. అయినా తెల్లవారేసరికి అలవాటు కొద్దీ మెలకువ వచ్చేది. లేచి ఆ గది గుమ్మం దాకా నడిచి, లోపల ఎవరూ లేరని గుర్తొచ్చి, వెనక్కి వచ్చి వంటింటి అరుగు మీద కూర్చునేవాడు.

అతని భార్య ముబషిరా ఉదయగిరిలోనే అంగన్‌వాడీ టీచరు. పొద్దున్నే వంట ముగించి వెళ్ళిపోయేది. కూతురు ఆస్మా డిగ్రీ చదువుతోంది, ఆమె కూడా బస్సు వేళకు బయలుదేరేది. పగలంతా ఇంట్లో అతనొక్కడే మిగిలేవాడు. ఊడ్చిన ఇంటినే మళ్ళీ ఊడ్చేవాడు. ఒకరోజు ముబషిరా గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, ఆత్మకూరు వెళ్ళి పాత సావుకారిని ఒకసారి కలిసి రాకూడదా అని అడిగింది. అంతకు మించి ఏమీ అనలేదు. ఆ మాట అనడానికి ఆమె ఎన్ని రోజులు ఆగి ఉంటుందో అతనికి అర్థమైంది.

ఆత్మకూరు బజారులో సిద్ధయ్య బట్టల కొట్టు అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. మీసాలు సరిగా రాని వయసులో జబీవుల్లా అందులో చేరాడు. మొదట నీళ్ళు మోశాడు, దుమ్ము దులిపాడు, తర్వాత బల్ల దగ్గరికి వచ్చాడు. గుడ్డ తాను విప్పి ఒక్క విసురులో బల్లనిండా పరచడం అతనికి ఇష్టమైన పని. చేజర్ల వైపు నుంచి, కలిగిరి వైపు నుంచి పెళ్ళి బట్టలకు వచ్చేవాళ్ళు, జబీ ఉన్నాడా అని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. పెళ్ళికూతురికి ఏ రంగు నప్పుతుందో, పిల్లవాడి మేనత్తకు ఏం పెట్టాలో అతన్నే అడిగేవాళ్ళు. అదేమీ గొప్ప విద్య కాదని అతనికీ తెలుసు. నలుగురితో నవ్వుతూ మాట్లాడటం, పొద్దున్నుంచీ రాత్రి దాకా నిలబడగలగడం, అంతే.

ఒక వానాకాలం పొద్దున కరీంబీ పెరట్లో పడిపోయింది. ఒక పక్క కాలూ చెయ్యీ చచ్చుబడ్డాయి, మాట ముద్దగా అయిపోయింది. జబీవుల్లా ఒక్కడే కొడుకు. ముబషిరాకు అప్పుడప్పుడే అంగన్‌వాడీలో పోస్టు వచ్చింది, వదులుకుంటే మళ్ళీ రాదు. కొట్టు పనిదేముంది, ఎప్పుడైనా దొరుకుతుంది, ఒక నెల ఇంట్లో ఉంటానన్నాడు అతను. ఆ నెల పదేళ్ళు దాటింది.

మొదట్లో తల్లికి ఒళ్ళు తుడవడం, బట్టలు మార్చడం ముబషిరాయే చూసేది. ఆమె అంగన్‌వాడీ పిల్లల దగ్గరికి వెళ్ళాక పగటిపూట అవసరం వస్తే ఎవరు చేస్తారు? అదీ అతని పనే అయింది. కొడుకు చేతులు తన మీద పడినప్పుడల్లా కరీంబీ మొహం గోడవైపు తిప్పుకునేది. అతనూ గోడనే చూస్తూ పని కానిచ్చేవాడు. ఆ సంగతి తల్లీ కొడుకులు ఎన్నడూ మాట్లాడుకోలేదు. వీధిలో మాత్రం మాటలు పుట్టాయి. పెళ్ళాం సంపాదనకు పోతే మొగుడు గంజి కాస్తున్నాడని ఒకరు, ఒళ్ళొంగని మనిషని ఇంకొకరు. కొన్నాళ్ళకు వాళ్ళకే విసుగొచ్చి మానేశారు. స్నేహితులు కూడా రావడం మానేశారు. అది మాత్రం అతను తర్వాతెప్పుడో గమనించాడు.

ఇన్నాళ్ళకు మళ్ళీ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆత్మకూరు బస్సెక్కాడు. కొట్టు ఉన్నచోటనే ఉంది గానీ పోల్చుకోలేకపోయాడు. ముందంతా అద్దాలు, లోపల చలిగాలి. తానులు లేవు, పరిచే బల్లా లేదు. అన్నీ కుట్టిన బట్టలే, హ్యాంగర్లకు వేలాడుతున్నాయి. ఒకే రంగు చీరల్లో ఆడపిల్లలు తిరుగుతున్నారు. ఆస్మా కన్నా నాలుగైదేళ్ళు పెద్దవాళ్ళేమో. ఒక పిల్ల వచ్చి, "ఏం చూపించమంటారు సార్?" అని అడిగితే అతను యజమాని ఎక్కడున్నాడని అడిగాడు.

సిద్ధయ్య కొడుకు సురేంద్రబాబు ఇప్పుడు యజమాని. నిక్కర్లు వేసుకుని కొట్టులో పరిగెత్తే రోజుల నుంచీ అతను జబీవుల్లాకు తెలుసు. సురేంద్రబాబు గుర్తుపట్టి కూర్చోబెట్టాడు, టీ తెప్పించాడు, కరీంబీ పోయిందని విని నొచ్చుకున్నాడు. పని సంగతి ఎత్తగానే తల అడ్డంగా ఊపాడు. బిల్లంతా కంప్యూటర్లోనే, స్టాకంతా కంప్యూటర్లోనే, గిరాకీలు వచ్చి వాళ్ళే తీసుకుని చూసుకుంటారు, పక్కన నిలబడటానికి ఈ ఆడపిల్లలు చాలునని నెమ్మదిగానే చెప్పాడు. అందులో అబద్ధం లేదు. జబీవుల్లా లేవబోతుంటే, నాయనను పలకరించి పోదువు రమ్మని మేడ మీదికి తీసుకెళ్ళాడు.

సిద్ధయ్య తుంటి ఎముక విరిగి మంచంలో ఉన్నాడు. ఆపరేషన్ చేసినా కాలు నిలవలేదు. కొట్టంతా దద్దరిల్లేలా అరిచే మనిషి దుప్పటి కింద చిన్నపిల్లవాడిలా ఉన్నాడు. గదిలో డెట్టాల్ వాసన, దాని కింద ఇంకో వాసన. ఆ రెండూ జబీవుల్లాకు బాగా తెలిసినవే. గడపలోనే కాళ్ళు ఆగిపోయాయి. పెద్దాయన ఎవరని అడిగాడు. పేరు చెప్పగానే, "జబీనా? ఇప్పుడా వచ్చేది, దొంగ నా కొడకా" అన్నాడు. అది ఆయన ప్రేమ.

మెట్లు దిగుతూ సురేంద్రబాబు అసలు మాట బయటపెట్టాడు. నాయనను చూసుకోవడానికి నెల్లూరు నుంచి పిలిపించిన మనుషులు నిలవడం లేదు. నాయన తిడతాడు, వాళ్ళు వెళ్ళిపోతారు.

"నీకు చేసిన అలవాటుండాది కదా జబీభాయ్. మీ అమ్మను అన్నేళ్ళు చూసుకున్నావు. నాయన్ను కూడా చూడరాదా? ఇక్కడే ఉండు, తిండి మాదే."

జబీవుల్లా కింది మెట్టు దగ్గర నిలబడి, "కొట్లో ఏదన్నా ఉంటే చెప్పు బాబూ" అన్నాడు. అంతకన్నా వివరంగా చెప్పడం చేతకాలేదు. సురేంద్రబాబు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

ఇంటికి వచ్చి, కొట్లో పని లేదన్నారని మాత్రమే చెప్పాడు. మేడ మీది సంగతి దాచాడు.

ఆ రోజు నుంచి అతనికొక సంగతి తెలిసొచ్చింది. నిజం చెబితే ఎవరైనా మళ్ళీ ఏదో ఒక మంచం దగ్గరికే పంపుతారు. అందుకే కలిగిరిలో కొత్తగా పెట్టిన ఒక పెద్ద కిరాణా మార్టులో మనుషులు కావాలని విన్నప్పుడు, ఇన్నేళ్ళూ ఏం చేశావని అడిగితే కువైట్‌లో ఉన్నానని చెబుదామనుకున్నాడు. ఉదయగిరి వీధుల్లో ఇంటికొకరు అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళే. పదేళ్ళు కనబడని మగవాడు కువైట్‌లో ఉన్నాడంటే ఎవరూ రెండో ప్రశ్న వేయరు.

మార్టు యజమాని వలి రెండో ప్రశ్న వేశాడు. ఎందుకంటే ఆ మార్టు పెట్టింది అతని కువైట్ సంపాదనతోనే. ఏ పక్కన ఉండేవాడివని అడిగాడు. జబీవుల్లా పక్కింటివాళ్ళ నోట విన్న పేటల్లో ఒకటి చెప్పాడు. ఏం పని అంటే ఒక ఇంట్లో వంట అన్నాడు. వలి సంతోషపడి, అరబ్బీలో ఏదో అడిగాడు. అక్కడ పదేళ్ళున్న మనిషి నిద్రలో కూడా బదులు చెప్పగలిగే చిన్న ప్రశ్నే అయి ఉంటుంది. జబీవుల్లా నేల చూశాడు. సరుకులు సర్దుతున్న కుర్రాళ్ళు ఇటు తిరిగారు.

వలి వాళ్ళను పనిలోకి పొమ్మన్నాడు. గొంతు తగ్గించాడు.

"అన్నా, జైల్లో ఏమన్నా ఉండి వచ్చినావా?"

"లేదు. ఇంట్లో ఉండినాను. మా అమ్మకు పక్షవాతం. ఎత్తాల, దించాల, అన్నం పెట్టాల."

"మరి అదే చెప్పొచ్చు కదా? దాంట్లో ఏం తప్పుండాది?"

వలి మంచివాడే, కూల్‌డ్రింకు ఇచ్చి తాగేదాకా పక్కనే కూర్చున్నాడు. పని మాత్రం ఇవ్వలేదు. మొదటి మాటే అబద్ధం చెప్పినవాణ్ణి గల్లాపెట్టె పక్కన ఎలా పెట్టుకునేదని చెప్పకుండానే చెప్పాడు. బస్సు వచ్చేదాకా జబీవుల్లా కలిగిరి స్టాండులో ఎండలోనే నిలబడ్డాడు. నీడలో చోటు ఉంది గానీ, అక్కడ ఉదయగిరి వాళ్ళెవరో కూర్చుని ఉన్నారు.

తర్వాత ఉదయగిరిలోనే ఒక ఎరువుల కొట్టులో పని దొరికింది. లారీ వచ్చినప్పుడు మూటలు దించాలి, రైతులు వస్తే బండికెత్తాలి. పెద్దగా ఎవరూ ఏమీ అడగలేదు, రమ్మన్నారు. అతను కూడా సంతోషంగానే వెళ్ళాడు. తల్లిని ఎత్తి దించి ఎత్తి దించి నడుము అప్పటికే అరిగిపోయిందని అతనికి తెలియదు. ఆమె చివర్లో పిట్టంత బరువు కూడా ఉండేది కాదు. నడుము ఎప్పుడు పాడైందో కనిపెట్టే తీరిక లేకపోయింది. లారీ వచ్చిన రోజున కొన్ని మూటలు దించాడు. ఆ తర్వాతి మూట భుజానికి ఎక్కించుకుని లేవబోతే, ఒళ్ళు రెండు ముక్కలైనట్టు అనిపించి అక్కడే కూలబడ్డాడు. తోటి హమాలీలు ఇద్దరు లేపి గోడకు ఆనించారు. కొట్టు యజమాని తన బండి మీద ఇంటి దగ్గర దించి, రేపు రావద్దులే భాయ్ అని చెప్పి వెళ్ళాడు.

ఆ సాయంత్రం ముబషిరా అతన్ని బోర్లా పడుకోబెట్టి నడుముకు నూనె రాసింది. ఆస్మా వంటింట్లో బియ్యం ఏరుతోంది. నూనె రాస్తూ ముబషిరా, ఇంక వెతకవద్దులే, ఉన్నదాంతో ఎట్లో గడుపుకుందామని అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో కోపం లేదు, విసుగు కూడా లేదు. అలసట మాత్రం ఉంది. పొద్దున్నే పసిపిల్లలు, మధ్యాహ్నం రిపోర్టులు, మీటింగులు, ఇంటికొస్తే ఇంటి పని. ఆమె చేతివేళ్ళు కూడా నొప్పి పుట్టి ఆగి ఆగి కదులుతున్నాయి. జబీవుల్లా అప్పుడు దాచలేక, సురేంద్రబాబు అడిగిన సంగతి చెప్పేశాడు.

ఆమె చెయ్యి ఆగింది. "అప్పుడే ఎందుకు చెప్పలేదు మీరు?"

"చెప్తే పొమ్మంటావని."

"పొమ్మనను."

అతను దిండులోకే చెప్పాడు. "నాకు చాతగాదు ముబషిరా. ఆ వాసన తగిలితేనే కాళ్ళు రాలేదు. మా అమ్మ కాబట్టి చేసినాను. ఇంకొకరికి మళ్ళీ అదే చెయ్యాలంటే నాలో ఇంకేం మిగిలి ఉండాది?"

పదేళ్ళలో అతని నోటి నుంచి చాతగాదన్న మాట ఆమె వినలేదు. విననందువల్ల, అతనికి చాతనవుతుందనే అనుకుంటూ వచ్చింది. చేతులకు అంటిన నూనె తన పాదాలకు రాసుకుంటూ చాలాసేపు కూర్చుంది. తర్వాత నెమ్మదిగా అంది.

"మీరు అలిసిపోయింది ఆ పని చేసి కాదేమో. అది తెగేది కాదు కదా. రాత్రని లేదు, పండగని లేదు. నేనన్నా సెంటరుకు తాళమేసి వచ్చేదాన్ని. మీకు తాళమేసే పొద్దే లేకపోయ."

అతను మోచేతి మీద లేవబోయి, నడుము పట్టేసి మళ్ళీ పడుకున్నాడు.

"నేను పొమ్మనడంలా. పోయేటట్టయితే మాత్రం పొద్దుగూకితే ఇంటికొస్తానని చెప్పి పొండి. ఆయన మీకు అమ్మ కాదు. వదిలేసి రావొచ్చు."

నడుము కుదుటపడేదాకా ఆ మాట గురించే ఆలోచించాడు. కోపం కూడా వచ్చింది. అమ్మను వదిలేసి రావాలనిపించిన రోజులు లేవా? ఉన్నాయి. కొన్నిసార్లు గుమ్మం దాటి వీధి చివరి దాకా నడిచి, లోపలి నుంచి ఆమె ముద్దమాట వినబడ్డట్టు అనిపించి పరిగెత్తి వచ్చిన రోజులు. ముబషిరాకు ఆ సంగతి తెలుసో లేదో. తెలిసే అందనుకుంటే సిగ్గేసింది, తెలియకుండానే అందనుకుంటే ఏడుపొచ్చింది.

మళ్ళీ ఆత్మకూరు వెళ్ళాడు. సురేంద్రబాబు గల్లా దగ్గరే ఉన్నాడు. జబీవుల్లా కూర్చోలేదు. పొద్దున బస్సుకు వస్తానని, సాయంత్రం ఆరింటి బస్సుకు వెళ్ళిపోతానని, రాత్రి ఉండే మనిషిని వేరే చూసుకోవాలని, శుక్రవారం రానని చెప్పాడు. ఎత్తడానికి ఇంకో మనిషి తోడు కావాలన్నాడు. ఇంత పొడుగు మాట ఆ కొట్టులో అతను ఎన్నడూ మాట్లాడలేదు. సురేంద్రబాబుకు నచ్చలేదు. పాత మనిషివని అడిగాను గానీ ఇన్ని షరతులా అన్నాడు. నెల్లూరు వాళ్ళయితే రాత్రింబగళ్ళు ఉంటారన్నాడు. ఆలోచించి ఫోన్ చేస్తానన్నాడు. ఆ మాటకు అర్థం ఏమిటో వ్యాపారంలో పెరిగిన జబీవుల్లాకు తెలుసు. నమస్కారం పెట్టి వచ్చేశాడు. బస్సులో అతనికి బాధ వేయలేదు. అడగాల్సింది అడిగాను, అది చాలు అనిపించింది.

ఫోన్ వస్తుందని ఎదురుచూడలేదు. వచ్చింది. మాట్లాడింది సురేంద్రబాబు భార్య నిరోష. ఇంతకుముందు వచ్చిన మనిషి కూడా వెళ్ళిపోయాడని, రాత్రుళ్ళు తామే చూసుకుంటున్నామని, తన భర్తకు కొట్టు పని, తనకు పిల్లలు, ఇంక తమ వల్ల కావడం లేదని చెప్పింది. ఆ గొంతు జబీవుల్లాకు కొత్తదే అయినా అందులోని అలుపు కొత్తది కాదు. శుక్రవారం మొత్తం మానకుండా నమాజు వేళకు మధ్యాహ్నం వెళ్ళొస్తే చాలదా అని అడిగింది. సరే అన్నాడు. మిగిలినవన్నీ వాళ్ళు ఒప్పుకున్నారు.

అలా చేరాడు. అదేమీ సుఖమైన పని కాదు. సిద్ధయ్య మొదటి వారమంతా తిడుతూనే ఉన్నాడు. అన్నం మెత్తగా లేదని, నీళ్ళు వేడిగా లేవని, ఫ్యాను గాలి తన మీదికి రావడం లేదని. ఒకసారి గ్లాసు విసిరాడు. ఆయన్ను పక్కకు తిప్పేటప్పుడు జబీవుల్లాకు ఒక్కోసారి ఒళ్ళు జలదరించేది. అది సిద్ధయ్య వీపని తెలుసు, అయినా చేతులకు తెలిసేది కాదు. అటువంటప్పుడు బయటికి వెళ్ళి వరండాలో కాసేపు నిలబడి వచ్చేవాడు. కింద కొట్టులో ఆడపిల్లల నవ్వులు వినబడేవి. అక్కడ నిలబడాల్సిన వాణ్ణి కదా అనిపించేది. ఆ కోరిక పోలేదు. పోతుందని కూడా అతను అనుకోవడం లేదు.

ఒక సాయంత్రం పెద్దాయన మామూలుగా లేడు. మధ్యాహ్నం నుంచీ తిట్టలేదు. జబీవుల్లా చేతులు కడుక్కుని సంచీ తీసుకుంటుంటే, ఆయన చొక్కా కొస పట్టుకున్నాడు.

"ఈ పూటకు ఉండరా జబీ. నాకు ఎందుకో భయంగా ఉండాది."

జబీవుల్లా ఆయన నుదురు తాకి చూశాడు. జ్వరం లేదు. నిరోషను పిలిచి, పెద్దాయన దగ్గర కూర్చోమని చెప్పాడు. ఆమె వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. అయినా సిద్ధయ్య చొక్కా వదల్లేదు. అతను ఒక్కొక్క వేలూ మెల్లగా విడిపించాడు.

"రేపొస్తాను సావుకారూ" అన్నాడు.

మెట్లు దిగుతుంటే పైనుంచి పిలుపు వినబడింది. జబీ అని ఒకసారి, ఇంకోసారి. కాళ్ళు వాటంతటవే ఆగాయి. గోడ పట్టుకుని నిలబడ్డాడు. నిరోష ఏదో చెబుతున్న గొంతు, తర్వాత ఫ్యాను చప్పుడు. మూడో పిలుపు రాలేదు. వచ్చి ఉంటే ఏం చేసేవాడో అతనికే తెలియదు. మిగిలిన మెట్లు దిగి, వెలుగుతున్న కొట్టు మధ్య నుంచి నడిచి బజార్లో పడ్డాడు.

బస్టాండులో ఉదయగిరి బస్సు ఇంకా రాలేదు. ఎక్కడో ఆగిపోయిందట, ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. జనం విసుక్కుంటున్నారు, పక్కనున్న ఆమె కండక్టర్లను తిడుతోంది. జబీవుల్లా ఖాళీగా ఉన్న బెంచీ మీద కూర్చుని కాళ్ళు చాపుకున్నాడు. నడుము సలుపుతోంది. ఇంటికి ఆలస్యమవుతుందని ఆస్మాకు ఫోన్ చేసి చెప్పాడు. టీ ఒకటి తెచ్చుకుని, చల్లారేదాకా చేతిలో పట్టుకుని, వచ్చేపోయే బస్సులను చూస్తూ కూర్చున్నాడు.